పూర్వజన్మను చూపుదుమను వారియొద్ద మనకేమి దొరకును?



కొన్ని సంవత్సరముల క్రిందట, మిరప కోతలు ముగియవచ్చిన దినములలో, మా సంఘములోని ఒక తల్లి ప్రొద్దు గ్రుంకిన తరువాత మా యింటికి వచ్చి అరుగుమీద కూర్చుండెను. కోతకు పోయి వచ్చిన చేతులు ఇంకను మండుచుండుటవలన ఆమె కన్నులు తుడుచుకొనుటకైనను జంకుచుండెను. నా భార్య మంచినీళ్లు తెచ్చి యిచ్చెను. ఆమె త్రాగి, చాలసేపు ఊరకుండి, చివరకు ఇట్లడిగెను: "అయ్యగారూ, పోయిన జన్మలో మావాడు ఏం చేశాడంటారు?"

ఆమె చిన్ననాడే బాప్తిస్మము పొందిన స్త్రీ. జ్వరము వచ్చిననాడు తప్ప ఆదివారపు ఆరాధన మానినది కాదు. అట్టి ఆమె నోట ఈ ప్రశ్న వినగానే నాకు కోపము వచ్చెను. ఆమె కథ వినిన తరువాత కోపము పోయి సిగ్గు కలిగెను.

ఆమె కుమారుడు 2021వ సంవత్సరమున మూడెకరములు కౌలుకు తీసికొని మిరప వేసెను. ఆ యేట గుంటూరు, ప్రకాశము జిల్లాలలో మిరపమీద నల్ల తామరపురుగు పడిన సంగతి మీరెరుగుదురు. అది పూతలోనికి చొచ్చి పూతనే పాడుచేసెను. ఎన్ని మందులు కొట్టినను లొంగలేదు. ఆ యువకుడు కౌలు ముందుగానే చెల్లించియుండెను. విత్తనము, ఎరువు, పురుగుమందు అన్నియు అప్పుమీద తెచ్చినవే. తీరా కల్లములో ఆరబోయుటకు కాయ లేదు. నాటినుండి అతనికి నిద్ర లేదు, ఎవరితోను మాట లేదు. పట్టణములో నున్న బంధువు ఒకరు జాలిపడి, పూర్వజన్మలోనికి తీసికొనిపోయి అక్కడి ముడి విప్పి, చేతులతో శక్తిని ప్రసరింపజేసి బాగుచేయువారున్నారని చెప్పి ఒకసారి తీసికొనిపోయిరి. రెండవసారికి మరల రుసుము కావలెను. తన చెవికమ్మలు అమ్మవచ్చునా అని అడుగుటకే ఆ తల్లి వచ్చినది.

ఇట్టి ప్రశ్న మీ గ్రామములోను పుట్టవచ్చును. ఈ దినములలో ఇట్టి ప్రకటనలు చేతిలోని సెల్ ఫోనులోనే కనబడుచున్నవి. గనుక అక్కడ ఏమి జరుగును, ఏమి దొరకును, ఏమి పోవును అను వాటినిగూర్చి ఈ నెల వ్రాయుచున్నాను.

అక్కడ జరుగునదేమి?

మొదట మనిషిని మెత్తని పరుపుమీద పండుకొనజేసి కన్నులు మూయమందురు. గదిలో వెలుతురు తగ్గింతురు. ఊపిరి మెల్లగా తీసికొనుమని, పాదములు మొదలుకొని తలవరకు ఒక్కొక్క అవయవమును వదులు చేయుమని చెప్పుదురు. తరువాత మెట్లు దిగుచున్నట్టు, ఒక తలుపు తెరచుచున్నట్టు ఊహించుకొమ్మందురు. "నీ పాదములు చూడుము. ఏమి తొడుగుకొనియున్నావు? నీ చుట్టు ఎవరున్నారు? ఇది ఏ కాలము?" అని అడుగుదురు. కొందరికి ఏమియు కనబడదు. అనేకులకు ఏదో యొక దృశ్యము కనబడును. ఆ జన్మలో మరణించిన గడియవరకు తీసికొనిపోయి, అక్కడ క్షమించుమని గాని విడిచిపెట్టుమని గాని చెప్పి మరల మేలుకొలుపుదురు. శక్తి వైద్యములోనైతే దేహమునకు కొంచెము ఎడముగా చేతులుంచి, చెడు శక్తిని తుడిచి మంచి శక్తిని నింపితిమని చెప్పుదురు.

ఇవి ఆకాశమునుండి ఊడిపడినవి కావు. వీటికి చరిత్ర కలదు. రెయికీ అను పద్ధతిని జపాను దేశస్థుడైన మికావో ఉసుయి 1922లో ప్రారంభించెను. ప్రాణిక్ హీలింగ్ అనునది ఫిలిప్పీను దేశములో నివసించిన చోవా కోక్ సుయి 1980 తరువాతి కాలమున వ్యాపింపజేసినది. పూర్వజన్మ చికిత్స లోకమంతట ప్రసిద్ధికెక్కుటకు కారణము అమెరికా మానసిక వైద్యుడు బ్రయన్ వీస్ 1988లో ప్రకటించిన పుస్తకము. మన దేశములో 2009 డిసెంబరునుండి ఎన్.డి.టి.వి. ఇమాజిన్ అను హిందీ ఛానలులో మనుష్యులను పండుకొనబెట్టి పూర్వజన్మ చెప్పించు కార్యక్రమము నడిచెను. హైదరాబాదులో డాక్టర్ న్యూటన్ కొండవీటిగారును వారి భార్యయైన డాక్టర్ లక్ష్మిగారును ఈ పూర్వజన్మ చికిత్సను అనేకులకు నేర్పియున్నారు. వీరిలో ఎవరి మనస్సును నేను తీర్పు తీర్చుటలేదు. నిజముగా నమ్మి చేయువారు కలరు. ధనముకొరకు చేయువారును ఉందురు. మనము అడుగవలసినది ఇది: అక్కడ కనబడునది నిజమా?

ఆ దృశ్యములు ఎక్కడనుండి వచ్చును?

1952లో అమెరికాలోని ప్యూబ్లో పట్టణమున మోరీ బెర్న్‌స్టీన్ అను వ్యాపారి, వర్జీనియా టై అను స్త్రీని మోహనిద్రలోనికి తీసికొనిపోయెను. ఆమె తాను పూర్వము ఐర్లండు దేశమున బ్రైడీ మర్ఫీ అను పేరుగల స్త్రీనని, ఇన్ని వివరములని చెప్పసాగెను. 1956లో ఆ కథ పుస్తకముగా వచ్చి లక్షలమందిని ఆశ్చర్యపరచెను. అయితే పత్రికలవారు ఐర్లండు దస్తావేజులు వెదకినప్పుడు అట్టి స్త్రీ పుట్టినట్టు గాని చనిపోయినట్టు గాని ఆధారము దొరకలేదు. వర్జీనియా బాల్యములో ఆమె యింటికి ఎదుట బ్రైడీ మర్ఫీ కార్కెల్ అను ఐరిష్ స్త్రీ నివసించినదని మాత్రము చికాగో పత్రిక ఒకటి బయటపెట్టెను.

కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయమున నికొలస్ స్పానోస్ అను ఆచార్యుడును అతని తోటివారును 1991లో ప్రకటించిన పరీక్షలు ఇంకను స్పష్టముగా నున్నవి. మోహనిద్రకు ముందు "పూర్వకాలమున పిల్లలను చాల హింసించెడివారు" అని కొందరికి చెప్పిరి, కొందరికి చెప్పలేదు. చెప్పబడినవారే తమ పూర్వజన్మలో ఎక్కువ హింసను కనిరి. అనగా అడుగువాడు విత్తినదే పండుకొన్నవాడు కోసెను. పునర్జన్మకు ఆధారములు వెదకుటకు జీవితమంతయు వెచ్చించి, మన దేశమునకు కూడ అనేకసార్లు వచ్చిన ఇయాన్ స్టీవెన్సన్ అను వైద్యుడు సహితము, మోహనిద్రలో వచ్చు పూర్వజన్మ స్మృతులు నమ్మదగినవి కావని హెచ్చరించెను. ఇది విరోధి చెప్పిన మాట కాదు, ఆ పక్షమువాడు చెప్పినదే.

ఇందులో మోసము ఉండవలసిన అవసరము లేదు. మన జ్ఞాపకము పెట్టెలో మడచి పెట్టిన బట్టవంటిది కాదు. తీసిన ప్రతిసారి మరల నేయబడు బట్టవంటిది. ఎలిజబెత్ లాఫ్టస్ అను పండితురాలు 1995లో ప్రకటించిన పరీక్షలో, చిన్నతనమున బజారులో తప్పిపోయితివని జరుగని సంగతిని ఇరువది నలుగురికి చెప్పగా, వారిలో ఇంచుమించు నాలుగవ వంతుమంది అది తమకు కొంతవరకైనను జ్ఞాపకమున్నదని చెప్పిరి. జరుగని బాల్యమునే నాటగలిగినప్పుడు జరుగని జన్మను నాటుట కష్టమా? పైగా మన ఊహలో దానికి కావలసిన సామగ్రి సిద్ధముగానే యున్నది. 1964లో వచ్చిన మూగమనసులు మొదలుకొని 2009లో వచ్చిన మగధీరవరకు పూర్వజన్మ కథలను మనము తెరమీద చూచినవారమే. తాతలు చెప్పిన కథలు, టూరింగు టాకీసులో చూచిన రాజుల కోటలు, మరచిపోయిన భయములు, ఇవన్నియు కన్నులు మూసికొనిన మనస్సులో కలిసి ఒక జన్మగా నిలువబడును.

చేతులలోని శక్తి సంగతి ఏమి?

ఇదియు పరీక్షింపబడినదే. 1784లో ఫ్రాన్సు రాజు పదునారవ లూయీ, మెస్మర్ అను వైద్యుని అదృశ్య శక్తిని పరీక్షించుటకు పండితులను నియమించెను. వారిలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, లవోసియే ఉండిరి. ఒక తోటలోని పండ్లచెట్టుకు శక్తి నింపితిమని చెప్పిరి. కన్నులకు గంతలు కట్టిన ఒక బాలుని చెట్టునుండి చెట్టునకు నడిపించిరి. శక్తిలేని చెట్టుదగ్గరనే అతడు మూర్ఛపోయెను! అతని మూర్ఛ నిజమే. చెట్టులోని శక్తి మాత్రము అతని నమ్మకములో నుండెను.

అమెరికాలో ఎమిలీ రోసా అను తొమ్మిదేండ్ల బాలిక ఇట్టి చికిత్సకులను తానే పరీక్షించెను. మధ్యను ఒక అడ్డము పెట్టి, వారి రెండు చేతులు అవతలనుండి చాచమని, వాటిలో ఒకదానికి ఎదురుగా తన చేయి ఉంచి, "నా చేయి ఏ ప్రక్కనున్నది?" అని అడిగెను. ఇరువదియొక్కమంది చికిత్సకులు 280 సారులు చెప్పగా 123 సారులే సరిపోయినవి. బొమ్మా బొరుసా వేసినను సగము సరిపోవలెను గదా! 1998లో ఈ పరీక్ష అమెరికా వైద్య సంఘపు పత్రికలో అచ్చయ్యెను.

అయితే వెళ్లినవారు తేలికపడితిమని చెప్పుదురే? అవును, అది అబద్ధము కాదు. వినువాడు లేక ఎండిపోయిన మనిషి ఒక గంటసేపు పండుకొని, ఎవరో ఒకరు తనకొరకే సమయమిచ్చి మెల్లగా మాటలాడగా, ఏడ్చి లేచును. దేహమునకు విశ్రాంతి, మనస్సునకు ఆలకింపు దొరకును. నొప్పి సహితము కొంతసేపు తగ్గును. ఎదురుచూపు ఒక మందువంటిదని వైద్యులును ఒప్పుకొందురు. కాని అది గడ్డను కరిగింపదు, చక్కెరను తగ్గింపదు, మూర్ఛను ఆపదు. అంతమాత్రమే అక్కడ దొరకునని తెలిసికొని వెళ్లువాడు మోసపోడు. అంతకు మించి దొరకునని చెప్పినప్పుడే చిక్కు వచ్చును.

"మేలు కలిగినప్పుడు అబద్ధమైననేమి?"

ఇది చిన్న ప్రశ్న కాదు. ఆ తల్లియు నన్ను ఇదే అడిగెను. "నిజమో కాదో మనకెందుకయ్యా, వాడు నిద్రపోతే చాలు." ఆమె కన్నులు చూచి నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. మరునాడు అతనియొద్దకు వెళ్లి ప్రక్కన కూర్చుంటిని. చాలసేపటికి అతడు తాను చూచినది చెప్పెను.

అతడు పెద్ద మేడలో నున్న ఒక భూస్వామిగా తన్ను తాను చూచెనట. చేతిలో కొరడా యుండెను. పొలములో వంగిన నడుములు కనబడెను. ఒక గుడిసె కాలుచుండెను. దానికి నిప్పు పెట్టినది తానే. ఇది చూచి అతడు బిగ్గరగా ఏడ్చెను, ఆ రాత్రి నిద్రపోయెను. పదిదినములు తేలికగానే యుండెను. తరువాత మరియొక తలంపు మొదలాయెను: "నేను అంతటి పాపిని గనుక నాకు ఇది జరుగవలసినదే. నేను ఉండి ఎవరికి ఏమి మేలు?" ఈ మాట వినినప్పుడు నా వెన్ను చల్లబడెను. ఎందుకనగా నేను పసివాడనైయుండగా, 1987-88లో తెల్లదోమ ప్రత్తిని నాశనము చేసిన యేట, మన గుంటూరు, ప్రకాశము జిల్లాలలో రైతులు పురుగుమందు త్రాగి చనిపోయిన సంగతి మా పెద్దలు చెప్పుకొనుచుండగా వింటిని. ఆ మందు డబ్బా నేటికిని మన ప్రతి యింటి మూలను ఉన్నది.

ప్రియులారా, గమనించుడి. ఆ యువకుని తాత పాలేరు. భూస్వామి కొరడా ఎరిగిన వంశము వారిది. కారంచేడులో 1985లోను, చుండూరులో 1991లోను మన దళిత సహోదరులు చంపబడిన సంగతులు వినుచు పెరిగినవాడు అతడు. దెబ్బలు తినినవారి మనుమడు, కన్నులు మూసికొని, దెబ్బలు కొట్టినవాడను నేనే అని ఒప్పుకొని లేచెను! నష్టము పురుగువలన వచ్చినది, అప్పు వడ్డీవలన పెరిగినది, కౌలురైతుకు బ్యాంకు అప్పు దొరకకపోవుటవలన ప్రైవేటు అప్పు అవసరమాయెను. కారణములన్నియు పగటివెలుగులో నుండగా, నేరము మాత్రము ఎవరును చూడని చీకటి జన్మలోనికి తీసికొనిపోయి అతని మెడకు కట్టబడినది.

ఇందుచేతనే "మేలు కలిగినప్పుడు అబద్ధమైననేమి" అను మాట నిలువదు. అబద్ధపు ఓదార్పు అప్పువంటిది. తీసికొనిన దినమున చేతిలో డబ్బున్నట్టే యుండును. వడ్డీ తరువాత వచ్చును.

మరియొక సంగతి ఆలోచించుడి. ఒక తండ్రి కుమారుని కొట్టి, కారణము అడిగినప్పుడు "నీకు జ్ఞాపకములేని ఒక తప్పుకొరకు" అని చెప్పినయెడల ఆ దెబ్బ వానికి ఏమి నేర్పును? జ్ఞాపకము లేని నేరమునకు పశ్చాత్తాపపడుట ఎట్లు? అది భయమునే పుట్టించును గాని మార్పును పుట్టించదు. "కారణము చూపుటకే గదా మేము పూర్వజన్మకు తీసికొనిపోవునది" అని వారు చెప్పుదురు. అయితే చూపబడునది నిజమైన జ్ఞాపకము కాదని పైన చూచితిమి.

ఇంకొక మాట మన చరిత్రను బట్టి చెప్పవలెను. మన తాత ముత్తాతలకు బావి నీళ్లు దొరకనప్పుడు, గుడి వాకిట నిలువరాదని చెప్పబడినప్పుడు, "ఇది మీ పూర్వజన్మ ఫలము" అనియే చెప్పబడెను. ఆ మాట పశువును కట్టు పలుపువలె వారి మెడకు ఉండెను. 1876-78 కరవు కాలమున ఒంగోలు మిషనెరీ క్లౌ దొరగారు, ఆకలితో వచ్చినవారిని "మీరేమి పాపము చేసితిరి" అని అడుగలేదు. బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కాంట్రాక్టు తీసికొని పనియు కూలియు ఇచ్చెను. కూటికొరకు మతము పుచ్చుకొనిరను మాట రాకుండునట్లు కరవు కాలమంతయు బాప్తిస్మములు ఆపెను. తరువాత 1878 జూలై 3వ తేదీని వెలుంపిల్లియొద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ నీటిలో మన పెద్దలు విడిచిపెట్టినవాటిలో ఆ పలుపు ఒకటి. దానిని రుసుము చెల్లించి మరల మెడకు కట్టుకొందుమా?

ఇట్లనుటచేత మన హిందూ పొరుగువారి విశ్వాసమును ఎగతాళి చేయరాదు. పునర్జన్మను నమ్మియు, ఆకలిగొన్నవానికి అన్నము పెట్టువారు మన గ్రామములలో ఎందరో కలరు. వారిలోను అనేకులు ఈ రుసుము చికిత్సలను ఒప్పుకొనరు. మన మాట ఆ చికిత్సనుగూర్చియే గాని మనుష్యులనుగూర్చి కాదు.

వాక్యము ఏమి చెప్పుచున్నది?

యోహాను సువార్త 9వ అధ్యాయమున శిష్యులు పుట్టు గ్రుడ్డివానిని చూచి, ఇతడు ఇట్లు పుట్టుటకు పాపము ఎవరిదని ప్రభువును అడిగిరి. వానిదా, తలిదండ్రులదా? ఆ తల్లి మా అరుగుమీద అడిగినదియు ఇదే. ప్రభువు ఆ రెండును కాదనెను. అంతటితో ఆగక, నేలమీద ఉమ్మివేసి బురద చేసి వాని కన్నులకు పూసి, సిలోయము కోనేటికి పంపెను. శిష్యులు వెనుకకు చూచుచుండగా ప్రభువు ముందుకు చూచెను. ఎందుచేత జరిగెనను ప్రశ్నను ప్రక్కకు పెట్టి, ఇప్పుడు దేవుని పని ఏమి జరుగవలెనను ప్రశ్నను చేతికి తీసికొనెను. లూకా 13వ అధ్యాయమున గోపురము కూలి చనిపోయిన పదునెనిమిదిమంది ఇతరులకన్న గొప్ప పాపులని తలంపవద్దని కూడ ఆయనే బోధించెను. యోబు స్నేహితులు ఏడు దినములు ఊరక కూర్చున్నంతవరకు మంచి స్నేహితులు. అతని బాధకు కారణము చెప్ప నారంభించినప్పుడే చెడిరి.

బాప్తిస్మమిచ్చు యోహాను ఏలీయాయే గదా, అది పునర్జన్మ కాదా అని కొందరు అడుగుదురు. లూకా 1:17 చదువుడి: అతడు ఏలీయా ఆత్మతోను శక్తితోను వచ్చునని దూత చెప్పెను. నీవు ఏలీయావా అని అడుగగా యోహాను తానే కాదనెను (యోహాను 1:21). ఏలీయా మరణము పొందక కొనిపోబడెను; మరల కొండమీద ఏలీయాగానే కనబడెను. నీకొదేము క్రొత్త జన్మ అనగా తల్లి గర్భములోనికి మరల పోవుటయని తలంచినప్పుడు ప్రభువు దానిని దిద్ది, ఆత్మమూలమైన జన్మనుగూర్చి చెప్పెను. హెబ్రీ పత్రిక 9:27 మరణము ఒక్కసారియే యని బోధించుచున్నది. మనకు పది జన్మలు లేవు. ఉన్న ఈ ఒక్క జీవితమందే క్షమాపణ దొరకును. అది ఆయన సిలువవలన దొరకునది గాని, మనము మెట్లు దిగి వెదకి తెచ్చుకొనవలసినది కాదు.

మన యింటిని కూడ ఊడ్చుకొందము

ఇంతవరకు పొరుగువారి తప్పు చెప్పితిని. ఇప్పుడు నా తప్పు చెప్పవలెను. నేను సెమినరీనుండి వచ్చిన క్రొత్తలో, మూర్ఛరోగముగల ఒక బాలుని తలిదండ్రులు నాయొద్దకు తెచ్చిరి. వారు విశ్వాసముచేత మాత్రలు మానివేసితిమని చెప్పగా నేను సంతోషించితిని. మూడు దినములు ఉపవాసముండి ప్రార్థించితిని గాని, మాత్రలు మరల వేయుడని చెప్పలేదు. నాలుగవ దినమున బాలుడు పొయ్యి దగ్గర పడి చేయి కాల్చుకొనెను. తరువాత వైద్యుడు ఇచ్చిన మాత్రలతోనే మూర్ఛలు ఆగినవి. ఆ బాలుడు ఇప్పుడు యువకుడు. ప్రభు బల్లయొద్ద అతడు చేయి చాచినప్పుడెల్ల ఆ మచ్చను నేను చూచుచున్నాను.

స్వస్థత కూటములలో "నీకు విశ్వాసము చాలదు గనుక బాగుపడలేదు" అని రోగినే నిందించుట, పూర్వజన్మ పాపమని నిందించుటకంటె ఏమి మేలు? రెండును పడిపోయినవానిమీద బరువు పెట్టునవే. యాకోబు 5:14 ప్రకారము పెద్దలు ప్రార్థింతురు, నూనె రాయుదురు. అది మన చేతులలో శక్తి యున్నదని కాదు; మనము రిక్తహస్తులమని ఒప్పుకొని దేవునిని అడుగుటయే. యెషయా హిజ్కియాకొరకు దేవుని వాగ్దానము తెచ్చియు అంజూరపు పండ్ల ముద్ద కట్టించెను. గుంటూరులో 1883లో అడుగుపెట్టిన డాక్టర్ అన్నా కుగ్లరమ్మగారు ప్రార్థించుచునే 1898లో ఆసుపత్రి తెరచిరి. ప్రార్థనయు మందును మనకు సవతులు కావు.

రుసుము విషయములో రెండవ రాజులు 5వ అధ్యాయము చదువుడి. నయమాను తెచ్చిన కానుకలను ఎలీషా ముట్టలేదు; వెనుక పరుగెత్తి తీసికొనిన గేహజీకి కుష్ఠు అంటెను. స్వస్థతకు వెలకట్టు ప్రతివాడును, బోధకుడైనను సరే, ఆ అధ్యాయమును రెండుసారులు చదువవలెను.

ఇక మనము చేయవలసినవి

ఎవరైన ఇట్టి చికిత్సకు పిలిచినయెడల నాలుగు ప్రశ్నలు అడుగుడి. మందులు మానుమనుచున్నారా? బాగగునని ముందుగానే మాట ఇచ్చుచున్నారా? రుసుము పెరుగుచున్నదా? మీ భార్యనో భర్తనో తల్లినో పూర్వజన్మ శత్రువని చెప్పుచున్నారా? వీటిలో ఒక్కదానికి అవునని జవాబు వచ్చినను లేచి రండి. మంత్రముచేత గాని మహిమచేత గాని క్యాన్సరు, చక్కెరవ్యాధి, మూర్ఛ, పక్షవాతము వంటి రోగములు కుదుర్తుమని ప్రకటించుట 1954 నాటి కేంద్ర చట్టము ప్రకారము నేరమని కూడ తెలిసికొనుడి.

నిద్ర పోవుట, మాట తగ్గుట, చావు తలంపులు వచ్చుట, ఇవి వ్యాధి లక్షణములు, సిగ్గుపడవలసినవి కావు. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో దీనికి వైద్యము కలదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలిమానస్ అను ప్రభుత్వ సహాయమునకు 14416 అను నంబరుకు ఫోను చేయవచ్చును, డబ్బు అక్కరలేదు. ఇంటిలో పురుగుమందు డబ్బా యున్నయెడల, అట్టి దినములలో దానిని పొరుగింట దాచుడి. చిన్న పనియే గాని ప్రాణము నిలుపు పని.

సంఘమునకును ఒక మాట. ఆ యువకుడు అంత దూరము వెళ్లి రుసుము చెల్లించి పొందినదేమి? ఒక గంట ఆలకింపు. అది మన వీధిలోనే ఉచితముగా దొరకవలసినది. పంట పోయినవాని యింటికి మనము ఎందుకు వెళ్లలేదు? అప్పులవాడు మన చేయి పట్టునని భయపడితిమి. సంఘము తలుపు మూసియున్నప్పుడు మనిషి మరియొక తలుపు తట్టును. అతనిని నిందించుటకు మనకు నోరు లేదు.

ఆ తల్లి కమ్మలు అమ్మలేదు. నేనును మరియొక సంఘ పెద్దయు ఆ యువకుని వైద్యునియొద్దకు తీసికొనిపోతిమి. మాత్రలు పనిచేయుటకు కొన్ని వారములు పట్టెను. ఆ వారములలో ప్రతి సాయంకాలము ఇద్దరు చొప్పున మావారు వెళ్లి అతని అరుగుమీద కూర్చుండిరి, ఎక్కువ మాటలాడలేదు. పెద్దలు అప్పిచ్చినవారితో మాటలాడి గడువు అడిగిరి. ఒకరు ఇచ్చిరి, ఒకరు ఇయ్యలేదు. అప్పు ఇంకను తీరలేదు. ఇది అద్భుతము కాదు. అయితే అతడు నిద్రపోవుచున్నాడు, కూలికి పోవుచున్నాడు. గడచిన యేడు అరయెకరము ప్రత్తి వేసెను. ఒకనాడు గట్టుమీద కలిసినప్పుడు, "అయ్యగారూ, ఆ గుడిసెకి నిప్పు పెట్టింది నేను కాదు గదా?" అని అడిగెను. "కాదు నాయనా" అంటిని. అతడు తల ఊపి, పారకు పిడి సరిచేసికొని, చాలులోనికి దిగెను.

ప్రభువు మనలను ఒకరి భారము నొకరము మోయువారినిగా చేయును గాక. ఆమేన్.